జర్మనీలో మాస్టర్స్: సూట్‌కేస్ సంగతి తర్వాత, ముందు అక్కడ అడ్రస్ చూసుకో తమ్ముడూ

తమ్ముడూ, ముందుగా అభినందనలు. స్టుట్‌గార్ట్ యూనివర్సిటీలో మెకానికల్ వైపు మాస్టర్స్ సీటంటే చిన్న విషయం కాదు. నువ్వు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ: ఊరు అనంతపురం దగ్గర, బీటెక్ కూడా అక్కడే, కొన్నేళ్ళుగా బెంగళూరులో ఉద్యోగం, ఉండేది మారతహళ్ళిలో ఒక పీజీ హాస్టల్లో. మన డిగ్రీ కాగితాలు సరైనవేనని జర్మన్ ఎంబసీ తరఫున ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్ చేతికొచ్చింది. అక్టోబరులో మొదలయ్యే సెమిస్టర్‌కి అడ్మిషన్ లెటర్ కూడా వచ్చింది. ఇక ఉద్యోగం ఎప్పుడు మానాలి, నాన్నగారి పొలం పెట్టి లోన్ తీసుకోవచ్చా, బ్లాక్డ్ అకౌంట్ (వీసా కోసం ఏడాది ఖర్చు ముందే వేసి, అక్కడ నెలనెలా తీసుకునే అకౌంట్) కాక ఇంకెంత డబ్బు ఉండాలి, లగేజీలో ఏం సర్దుకోవాలి అని అడిగావు. అమ్మ ఇప్పటికే లిస్టు రాస్తోందని కూడా రాశావు.

నేను జర్మనీలో మాస్టర్స్ చేసి, కొన్నాళ్ళు అక్కడే పనిచేసి తిరిగొచ్చాను. ఇప్పుడు వైట్‌ఫీల్డ్‌లో ఉంటున్నాను. ఎండాకాలం వచ్చిందంటే మనవాళ్ళ పిల్లలు ఎవరో ఒకరు ఇవే ప్రశ్నలతో ఫోన్ చేస్తుంటారు. అందరూ లగేజీ గురించి అడుగుతారు, లోన్ గురించి అడుగుతారు. అన్నిటికన్నా ముందు అడగాల్సింది మాత్రం చాలామంది అడగరు. నువ్వూ అడగలేదు. అక్కడ దిగాక ఎక్కడ ఉంటావు?

ఎందుకింత గట్టిగా అడుగుతున్నానంటే, అక్కడ ప్రతి పనీ అడ్రస్‌తోనే మొదలవుతుంది. ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు ఆ ఊరి ఆఫీసుకెళ్ళి అడ్రస్ నమోదు చేయించుకోవాలి. దాన్ని అన్‌మెల్డుంగ్ అంటారు. దానికి ఇంటి ఓనర్ సంతకం పెట్టిన కాగితం కావాలి, ఈ మనిషి ఫలానా తేదీన నా ఇంట్లో దిగాడని. ఆ నమోదు అయితేనే టాక్స్ నంబర్ పోస్టులో వస్తుంది. అది లేకపోతే పార్ట్‌టైమ్ జీతం దగ్గర చిక్కు. చాలా బ్యాంకులు అకౌంట్ తెరవడానికి ఆ కాగితమే అడుగుతాయి. బ్లాక్డ్ అకౌంట్‌లో నువ్వు వేసిన డబ్బు నెలనెలా బయటికి రావాలంటే అక్కడ మామూలు బ్యాంక్ అకౌంట్ ఉండాలి. వీసా గడువు ముగియకముందే రెసిడెన్స్ పర్మిట్‌కి అప్లై చేయాలి, అదీ నువ్వు నమోదైన ఊరి ఆఫీసులోనే. ఇల్లు ఆలస్యమైతే ఇవన్నీ వరసగా ఆలస్యమవుతాయి. డబ్బు నీ పేరునే ఉంటుంది, చేతికి మాత్రం రాదు. స్నేహితుడి గదిలో నేలమీద పడుకుంటూ, క్లాసులు మొదలైపోయి, ఆఫీసుల చుట్టూ తిరిగే పిల్లల్ని చాలామందిని చూశాను. చదువులో వాళ్ళేమీ తక్కువ కాదు. ఇల్లు దొరక్కపోవడం వల్లే మొదటి సెమిస్టర్ పాడవుతుంది.

కాబట్టి ఈ వారమే స్టుడియరెండెన్‌వెర్క్ వాళ్ళ వెబ్‌సైట్‌లో హాస్టల్‌కి అప్లై చెయ్. యూనివర్సిటీ హాస్టళ్ళు చూసేది వాళ్ళే. అద్దె బయటికంటే తక్కువ, అడ్రస్ నమోదుకు ఇబ్బంది ఉండదు, మోసం భయం లేదు. కానీ వెయిటింగ్ లిస్టు పెద్దది. వీసా వచ్చాక చేద్దాంలే అనుకుంటే చలికాలం దాటాక గానీ గది రాదు. అప్లై చేసి ఊరుకోకుండా, వాళ్ళు అడిగిన గడువులో నీ అప్లికేషన్ ఇంకా బతికే ఉందని కన్ఫర్మ్ చేస్తూ ఉండు. చాలామంది పేర్లు అక్కడే ఎగిరిపోతాయి.

రెండో దారి, ఎవరైనా కొన్ని నెలలు ఊరెళ్తూ తమ గదిని అద్దెకిచ్చే పద్ధతి. దాన్ని జ్విషెన్‌మీటె అంటారు. డబ్ల్యూజీ-గెజూఖ్ట్ లాంటి సైట్లలో ఇవి బాగా దొరుకుతాయి. మెసేజ్ పెట్టేటప్పుడు హాయ్, ఈజ్ ఇట్ అవైలబుల్ అని ఒక్క ముక్క రాస్తే ఎవరూ జవాబివ్వరు. నువ్వెవరు, ఏం చదవబోతున్నావు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా కావాలి, వంట చేస్తావా, సిగరెట్ తాగుతావా, ఇవన్నీ ఐదారు వాక్యాల్లో రాయి. జర్మన్‌లో రాయగలిగితే మరీ మంచిది. ఇక ప్రతి గదికీ తప్పకుండా అడగాల్సింది ఒకటుంది: ఇక్కడ అన్‌మెల్డుంగ్ చేసుకోవచ్చా? కుదరదంటే ఎంత చౌకైనా వదిలెయ్. స్టుట్‌గార్ట్‌లోనే కావాలని పట్టుబట్టకు. నీ ఇంజనీరింగ్ క్లాసులు చాలావరకు ఫైఇంగెన్ క్యాంపస్‌లో ఉంటాయి. అక్కడి యూనివర్సిటేట్ స్టేషన్‌కి ఎస్1, ఎస్2, ఎస్3 లోకల్ రైళ్ళు వస్తాయి. అంటే ఎస్1 లైన్ మీదున్న బోబ్లింగెన్, హెరెన్‌బెర్గ్, ఎస్లింగెన్ లాంటి ఊళ్ళలో ఉన్నా రైలు మారకుండా క్యాంపస్‌కి చేరొచ్చు. సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో రోజూ వెళ్ళొచ్చినవాడివి, నీకది కష్టమనిపించదు.

మోసాల గురించి కూడా చెప్తాను, ఏటా ఒకరిద్దరు పడుతూనే ఉన్నారు. ఫొటోల్లో ఇల్లు మెరిసిపోతుంటుంది, అద్దె ఊహించనంత తక్కువ. ఓనర్ నేను ఇప్పుడు వేరే దేశంలో ఉన్నాను, డిపాజిట్ పంపితే తాళం పోస్టులో వేస్తాను అంటాడు. నమ్మించడానికి పాస్‌పోర్టు ఫొటో కూడా పెడతాడు. తాళం పోస్టులో వేస్తానన్న మాట వినగానే ఆ సంభాషణ ఆపెయ్. వీడియో కాల్‌లో గది చూపించమను, అగ్రిమెంట్ ముందు పంపమను, అక్కడ ఉంటున్న మనవాళ్ళనెవరినైనా వెళ్ళి చూడమని బతిమాలు. చట్ట ప్రకారం డిపాజిట్ మూడు నెలల కోల్డ్ రెంట్ మించకూడదు. హీటింగ్, నీళ్ళు, చెత్త ఖర్చులు కలపని అద్దెను కోల్డ్ రెంట్ అంటారు. అవి కలిస్తే వార్మ్ రెంట్. ప్రకటనలో ఉన్నది ఏ అద్దో చూసుకోకపోతే నెలకు వంద, నూటయాభై యూరోల తేడా వచ్చినా రావచ్చు.

ఇంకోటి. గది దొరికి దిగిన రోజే పోస్టు డబ్బా మీద నీ పేరు అంటించు. చిన్న సంగతిలా కనిపిస్తుంది. అక్కడ ఫ్లాట్ నంబర్లు ఉండవు, పోస్ట్‌మన్ డబ్బా మీద పేరు చూసి ఉత్తరం వేస్తాడు. పేరు లేకపోతే తిరిగి పంపేస్తాడు. బ్యాంక్ కార్డు ఒక కవర్లో, దాని పిన్ ఇంకో కవర్లో, టాక్స్ నంబర్, ఇన్సూరెన్స్ కార్డు, రెసిడెన్స్ పర్మిట్ అపాయింట్‌మెంట్, అన్నీ పోస్టులోనే వస్తాయి. ఇంకొకరి గదిలో అద్దెకుంటే వాళ్ళ పేరు కింద నీ పేరు రాసిన చీటీ టేపుతో అంటించినా సరిపోతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఎలా ఉందో అలాగే రాయి.

పేరు మాట వచ్చింది కాబట్టి మన తెలుగువాళ్ళ అసలు తలనొప్పి చెప్పాలి. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందుంటుంది, బీటెక్ మెమోలో పూర్తిగా ఉంటుంది, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటుంది, మొత్తం పేరు గివెన్ నేమ్‌లోనే ఉంటుంది. అక్కడి కంప్యూటర్లకు ఇంటిపేరు లేని మనిషి అర్థం కాడు. నీ పాస్‌పోర్టు తెరిచి చూసుకో. సర్‌నేమ్ ఖాళీగా ఉండి ఇంకా సమయం ఉంటే సరిచేయించుకోవడం మేలు. అయితే వీసాకి పెట్టాక మాత్రం దాని జోలికి వెళ్ళకు. అడ్మిషన్, బ్లాక్డ్ అకౌంట్, ఇన్సూరెన్స్, విమానం టికెట్ అన్నీ పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగ్‌తోనే ఉండాలి. వెంకట ఒకచోట ఒక్క టీతో, ఇంకోచోట టీహెచ్‌తో ఉంటే పెద్ద తేడా ఏముందిలే అనిపిస్తుంది. కౌంటర్ దగ్గర కూర్చున్నవాళ్ళకి వాళ్ళు ఇద్దరు వేర్వేరు మనుషులు. మెమోల్లో తేడా ఉంటే, రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ అఫిడవిట్ ఒకటి చేయించి దగ్గర పెట్టుకో.

వీసా దగ్గర నీలాంటి వాళ్ళకి ఇంకో చిక్కు ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అడ్రస్ వాళ్ళు చెన్నై కాన్సులేట్ కిందికి వస్తారు. కర్ణాటకలో ఉంటున్నవాళ్ళు బెంగళూరు కాన్సులేట్ కింద. నీ పాస్‌పోర్టు మీద అనంతపురం అడ్రస్ ఉంది, ఉండేది మారతహళ్ళిలో. బెంగళూరులో అప్లై చేయాలంటే ఇక్కడ ఉంటున్నట్టు కాగితం చూపించాలి. పీజీ ఓనర్లు చాలామంది అగ్రిమెంట్ ఇవ్వరు, నెల డబ్బులకు రసీదు కూడా ఇవ్వరు. ఇప్పుడే అడుగు, ఈ-స్టాంప్ పేపర్ మీద అగ్రిమెంట్ రాయించుకో. ఖర్చు నువ్వే పెట్టుకుంటానంటే సాధారణంగా కాదనరు. దాంతోపాటు కంపెనీ లెటర్‌హెడ్ మీద నీ బెంగళూరు అడ్రస్‌తో ఒక లెటర్, ఆ అడ్రస్‌తో బ్యాంక్ స్టేట్‌మెంట్ ఉంటే బలం. అదేదీ కుదరకపోతే చెన్నైకి వెళ్ళాలి, వెళ్ళు. రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి అక్కడుంటావు. ఎటూ తేల్చుకోకుండా నెలలు పోగొట్టుకోవడమే ప్రమాదం. 2025 జనవరి నుంచి స్టూడెంట్ వీసా అప్లికేషన్ ఆన్‌లైన్ పోర్టల్‌లో పెట్టొచ్చు. కాగితాలన్నీ ముందు అక్కడ అప్‌లోడ్ చేసి, తర్వాత పిలిచినప్పుడు ఒరిజినల్స్‌తో వెళ్తావు. వీసా ఫీజు 75 యూరోలు.

ఇక డబ్బు. బ్లాక్డ్ అకౌంట్‌లో వేయాల్సిన మొత్తం 2024 సెప్టెంబరు నుంచి ఏడాదికి 11,904 యూరోలు. నెలకు 992 చొప్పున చేతికొస్తుంది. యూరో వంద రూపాయలు అనుకుంటే సుమారు 12 లక్షలు. ఇది నీ తిండికి, అద్దెకి. ఫీజు వేరే. జర్మనీలో గవర్నమెంట్ యూనివర్సిటీల్లో ఫీజు లేదని అందరూ అంటారు కదా, చాలా రాష్ట్రాల్లో నిజమే. స్టుట్‌గార్ట్ ఉన్నది బాడెన్-వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రంలో. అక్కడ యూరోపియన్ యూనియన్ బయటి విద్యార్థులకు 2017 నుంచి సెమిస్టర్‌కి 1,500 యూరోల ఫీజు ఉంది. నాలుగు సెమిస్టర్లకు 6,000. దానిమీద సెమిస్టర్ కాంట్రిబ్యూషన్ కొంత. ఇది మీ ఇంట్లో లెక్కలో వేసుకున్నారో లేదో చూడు.

బ్లాక్డ్ అకౌంట్‌కి బయట, మొదటి రెండు మూడు నెలలు నడవడానికి విడిగా డబ్బు ఉండాలి. గది కోల్డ్ రెంట్ 450 యూరోలు అనుకో. మూడు నెలల డిపాజిట్ 1,350, మొదటి నెల అద్దె, ఫీజు 1,500, ఇన్సూరెన్స్, దుప్పట్లు, గిన్నెలు, టికెట్లు. నాలుగు వేల యూరోలు ఇట్టే అయిపోతాయి. బ్లాక్డ్ అకౌంట్ నుంచి మొదటి 992 వచ్చేలోపు ఖర్చంతా దీన్నుంచే. ఇందులో ఎక్కువ భాగం ఫారెక్స్ కార్డులో వేసుకో, కొన్ని వందల యూరోలు నోట్లుగా దగ్గరుంచుకో. విదేశీ నోట్లు మనిషికి ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల విలువ దాకానే తీసుకోవచ్చు, అంత నగదు అవసరమూ లేదు.

పొలం సంగతి. నాన్నగారు పొలం పాస్‌బుక్కు పట్టుకుని బ్యాంకుకి వెళ్ళకముందే ఇది తెలుసుకోవాలి. వ్యవసాయ భూమిని ఎడ్యుకేషన్ లోన్‌కి సెక్యూరిటీగా బ్యాంకులు సాధారణంగా తీసుకోవు. ప్రభుత్వం పేదలకిచ్చిన భూమి, అంటే డీకేటీ పట్టా అయితే అసలు మాటే లేదు. ఇల్లు, ఫ్లాటు, అప్రూవ్డ్ లేఅవుట్‌లో ప్లాటు, ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసుకుంటాయి. ఊళ్ళో ఇల్లు ఉన్నా గ్రామకంఠంలో (ఊళ్ళో ఇళ్ళకోసం పాతకాలం నుంచీ వదిలిన జాగాలో) ఉంటే రిజిస్టర్డ్ డాక్యుమెంట్ ఉండదు, లాయర్ లీగల్ ఒపీనియన్ దగ్గర ఆపేస్తాడు. అందుకని ముందు ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు, తాకట్లు చూపించే రిజిస్ట్రేషన్ ఆఫీసు సర్టిఫికెట్) తీయించండి, లింక్ డాక్యుమెంట్లు, అంటే పాత ఓనర్ల నుంచి చేతులు మారిన కాగితాలు అన్నీ ఉన్నాయో లేదో చూడండి. అవి సరిగ్గా ఉంటే గవర్నమెంట్ బ్యాంకుకే వెళ్ళండి. కాస్త తిప్పుతారు, లీగల్, వాల్యుయేషన్ అంటూ వారాలు పడుతుంది, కానీ వడ్డీ తక్కువ. సెక్యూరిటీ లేకుండా ఇచ్చే ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీలు తొందరగా ఇస్తాయి, వడ్డీ ఎక్కువ. 20 లక్షలు 12 శాతానికి తీసుకుంటే వడ్డీయే నెలకు 20 వేలు. చదువుకునేటప్పుడు ఈఎంఐ ఉండదని చెప్తారు గానీ, ఆ వడ్డీ మీటర్ ఆగదు. చదువయ్యేసరికి అసలుకి వచ్చి కలుస్తుంది.

ఊళ్ళో రెండు రూపాయల వడ్డీకి తెచ్చే ఆలోచన ఏదైనా ఉంటే దయచేసి మానుకోండి. ఏడాదికి 24 శాతం అది. అలాగే కొందరు ఏజెంట్లు బ్లాక్డ్ అకౌంట్ డబ్బు మేము చూపిస్తాం, వీసా అయ్యాక వెనక్కిచ్చేయ్ అంటారు. ఆ డబ్బు వెనక్కిచ్చేశాక నువ్వు ఏం తిని బతుకుతావు? ఆ మాట అన్నవాళ్ళ ఆఫీసు నుంచి బయటికి వచ్చెయ్.

బ్యాంక్ నుంచి డబ్బు విదేశానికి పంపేటప్పుడు టీసీఎస్ గురించి, అంటే బ్యాంక్ ముందే వసూలు చేసే పన్ను గురించి అడుగు. ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటిన మొత్తం మీద టీసీఎస్ పడుతుంది. బ్యాంక్ ఎడ్యుకేషన్ లోన్ నుంచి పంపితే 2025 ఏప్రిల్ నుంచి అది లేదు. సొంత డబ్బు పంపితే, పడిన టీసీఎస్‌ని రిటర్న్ ఫైల్ చేసినప్పుడు తిరిగి తీసుకోవచ్చు. లోన్ తన పేరున ఉండి వడ్డీ ఎవరు కడితే వాళ్ళకి ఇన్‌కమ్ టాక్స్‌లో ఎనిమిదేళ్ళ దాకా వడ్డీ మీద మినహాయింపు కూడా ఉంది, పాత పన్ను విధానంలో ఉంటే.

ఉద్యోగం. నోటీస్ పీరియడ్ 90 రోజులు అన్నావు. వీసా చేతికి వచ్చాకే రిజైన్ చేయమని అందరూ చెప్తారు. 90 రోజుల నోటీసుతో ఆ లెక్క కుదరదు, ఆగస్టులో వీసా వస్తే నవంబరు దాకా ఇక్కడే ఉండాలి. నా అభిప్రాయం, ఇప్పుడే మేనేజర్‌తో నిజం మాట్లాడు. ఎర్లీ రిలీజ్ ఇస్తారా, ఎన్ని రోజులు బయౌట్ చేయాలి (నోటీసు బదులు డబ్బు కట్టాలి), మిగిలిన లీవులు సర్దొచ్చా అని రాతపూర్వకంగా తేల్చుకో. లోన్ శాంక్షన్ అయి, వీసా అప్లికేషన్ పూర్తిగా అందిందని తేలాక లెటర్ పెట్టు. వీసా ఆలస్యమయ్యేలా ఉంటే యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకి ముందే మెయిల్ రాయి. ఎన్‌రోల్‌మెంట్‌కి ఆఖరి తేదీ ఎంతవరకు ఇస్తారో వాళ్ళే చెప్తారు.

రిలీవింగ్ లెటర్‌లో తేదీలు మాత్రమే రాసిస్తారు మన దగ్గర. అది చాలదు. నువ్వు ఏ ప్రాజెక్టులో ఏ పని చేశావో, ఏ సాఫ్ట్‌వేర్ వాడావో, పని ఎలా చేశావో రాసిన ఒక లెటర్ మేనేజర్ సంతకంతో తీసుకో. జర్మనీ కంపెనీలు పాత యజమాని ఇచ్చే అలాంటి లెటర్‌కి చాలా విలువిస్తాయి. స్టుట్‌గార్ట్ చుట్టుపక్కల బాష్, మెర్సిడెస్, పోర్షే ఉన్నాయి. నీ బెంగళూరు అనుభవం అక్కడ స్టూడెంట్ జాబ్‌కి నిజంగా పనికొస్తుంది, కానీ కాగితం మీద ఉంటేనే.

పార్ట్‌టైమ్ మీద మాత్రం మొదటి సెమిస్టర్‌లో ఆశ పెట్టుకోకు. ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పనిచేయొచ్చని రూలుంది. ఆ రూలు ఉద్యోగం ఇప్పించదు. కోర్సు ఇంగ్లిష్‌లో ఉన్నా, షాపులో, గోడౌన్‌లో, చివరికి చాలా ఇంజనీరింగ్ ఆఫీసుల్లో కూడా జర్మన్ కావాలి. బెంగళూరులో ఉన్నన్నాళ్ళూ ఆ అవకాశం వాడుకో. ఇందిరానగర్‌లో మాక్స్ ముల్లర్ భవన్ ఉంది. ఆఫీసు అయ్యాక వెళ్ళేలా, ఆన్‌లైన్‌లో కూడా కోర్సులుంటాయి. జర్మన్‌లో మొదటి లెవెల్ ఏ1 అయినా పూర్తి చేసి వెళ్తే ఆఫీసుల్లో, ఇల్లు వెతకడంలో నీకే తేడా తెలుస్తుంది. ఏ2 దాకా వెళ్ళగలిగితే మరీ సంతోషం.

ఆరోగ్యం. 30 ఏళ్ళు నిండలేదు కాబట్టి స్టూడెంట్ రేటులో పబ్లిక్ ఇన్సూరెన్స్ దొరుకుతుంది. ఎన్‌రోల్‌మెంట్‌కి అది తప్పనిసరి, ఇన్సూరెన్స్ కంపెనీయే యూనివర్సిటీకి నేరుగా సమాచారం పంపుతుంది. ఇక్కడి నుంచే అప్లై చేసుకో. అది మొదలయ్యే తేదీ దాకా ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉండాలి. కళ్ళద్దాల ఖర్చు అక్కడ ఇన్సూరెన్స్ సాధారణంగా ఇవ్వదు, కాబట్టి రెండు జతలు ఇక్కడే చేయించుకో. పంటి నొప్పి ఏదైనా దాచుకుని ఉంటే ఇప్పుడే చూపించుకో. యాంటీబయాటిక్ అక్కడ డాక్టర్ చీటీ లేకుండా ఇవ్వరు. రోజూ వాడే మందులుంటే మూడు నెలలకు సరిపడా, మందు అసలు పేరుతో రాసిన ప్రిస్క్రిప్షన్‌తో తీసుకెళ్ళు.

ఇప్పుడు లగేజీ, అమ్మ లిస్టు. ఇది అమ్మకి చదివి వినిపించు. యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి మాంసం, పాలు, వాటితో చేసినవి తీసుకెళ్ళకూడదు. అంటే నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి కుదరవు. కస్టమ్స్‌లో దొరికితే పారేస్తారు, ఫైన్ కూడా వేయొచ్చు. నెయ్యి గురించి అమ్మ బెంగపడొద్దు, అక్కడ సూపర్‌మార్కెట్‌లో బుట్టర్‌ష్మాల్ట్స్ అని దొరుకుతుంది, అది నెయ్యే. పచ్చి కరివేపాకు, మామిడిపళ్ళకు మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్ లేకుండా అనుమతి లేదు. కరివేపాకు పొడి, కందిపొడి, పప్పులపొడి, చెనిక్కాయల పొడి, గోంగూర పచ్చడి, చింతపండు నిక్షేపంగా తీసుకెళ్ళొచ్చు. దుబాయ్ మీదుగా వెళ్ళే టికెట్ అయితే గసగసాలు మాత్రం పొరపాటున కూడా పెట్టొద్దు, అక్కడ చట్టం ప్రకారం అది మత్తుపదార్థం కింద లెక్క. మసాలా పొడిలో కలిపి కొట్టినా సరే. బెంగళూరు నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి, మ్యూనిక్‌కి నేరుగా విమానాలున్నాయి, ధర మరీ తేడా లేకపోతే అదే సుఖం.

కుక్కర్ తీసుకెళ్ళు, మూడు లీటర్లది, ఇండక్షన్ బేస్ ఉన్నది. మామూలు అల్యూమినియం కుక్కర్ ఇండక్షన్ స్టవ్ మీద వేడెక్కదు. ఇండక్షన్ బేస్‌ది ఏ కరెంటు స్టవ్ మీదైనా పనిచేస్తుంది. ఒక అదనపు గాస్కెట్, సేఫ్టీ వాల్వ్ వేసుకో. హాస్టల్ వంటగదిలో తాలింపు పెట్టేటప్పుడు కిటికీ తెరిచి, వరండా వైపు తలుపు మూసి పెట్టు. ఎండుమిర్చి పొగకి స్మోక్ అలారం మోగితే బిల్డింగ్ అంతా కిందకి దిగాలి, ఫైర్ ఇంజన్ వస్తే బిల్లు నీకు రావచ్చు.

చలికోటు ఇక్కడ కొనకు. లోపల వేసుకునే థర్మల్స్, మంచి సాక్సులు ఇక్కడి నుంచి, కోటు, బూట్లు అక్కడ. సన్నటి రెండు గుండ్రటి పిన్నుల ప్లగ్గులు అక్కడ పడతాయి, మన మూడు పిన్నులవి పట్టవు. ఒక అడాప్టర్, ఒక మన స్పైక్ బోర్డు ఉంటే పని అయిపోతుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు, అడ్మిషన్ లెటర్, ఇన్సూరెన్స్, బ్లాక్డ్ అకౌంట్ కాగితం, ఇంటి అగ్రిమెంట్ అన్నీ చేతి బ్యాగులో. వాటి స్కాన్లు నీ మెయిల్‌లో, నాన్న ఫోన్‌లో కూడా ఉండాలి.

ఇండియా సిమ్ వదులుకోకు. చిన్న రీఛార్జ్‌తో అయినా బతికించి, రోమింగ్‌లో మెసేజ్‌లు వచ్చేలా పెట్టుకో. బ్యాంకు, లోన్, పీఎఫ్, ఇన్‌కమ్ టాక్స్ అన్నిటి ఓటీపీలు దానికే వస్తాయి. పీఎఫ్ నంబరు యూఏఎన్‌కి ఆధార్, పాన్ లింక్ అయ్యాయో లేదో కంపెనీ వదలకముందే చూసుకో. చదువుకి విదేశం వెళ్ళినవాళ్ళు విదేశీ మారకపు చట్టం ఫెమా ప్రకారం నాన్-రెసిడెంట్ కిందికి వస్తారు, కాబట్టి సేవింగ్స్ అకౌంట్‌ని ఎన్ఆర్ఓగా (విదేశాల్లో ఉండేవాళ్ళ అకౌంట్‌గా) మార్చమని బ్యాంకుకి రాసివ్వాలి.

ఆఖరి పనిదినం అయ్యాక కనీసం రెండు వారాలు ఇంట్లో గడిపేలా టికెట్ చూసుకో. ఆ రోజుల్లో అమ్మ దగ్గర అన్నం, పప్పు, ఒక కూర, చారు నేర్చుకో, పక్కన నిలబడి చూడటం కాకుండా నీ చేత్తో చెయ్. అమ్మకి ఫోన్ టైమ్ కూడా ముందే చెప్పు. ఎండాకాలంలో మనకీ వాళ్ళకీ మూడున్నర గంటల తేడా, అక్టోబరు చివరి నుంచి నాలుగున్నర. నవంబరు, డిసెంబరులో అక్కడ సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది, దిగులు అప్పుడే ఎక్కువ. ఇంటికి రోజూ ఫోన్ చెయ్. అది పెట్టేసి వంటగదిలోకి వెళ్ళి పక్క గదివాళ్ళతో కలిసి కూడా తిను. ఇల్లు ఖాళీ అయినప్పుడు, స్టూడెంట్ జాబ్ పడినప్పుడు ముందు తెలిసేది, చెప్పేది వాళ్ళే.

ఈ వారం మాత్రం మూడు పనులు చాలు: హాస్టల్ అప్లికేషన్, పీజీ అగ్రిమెంట్, నాన్నతో ఈసీ తీయించడం. లీగల్ ఒపీనియన్‌లో లాయర్ ఏదైనా అభ్యంతరం రాస్తే, ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు ఇక్కడ పెట్టు, చూసి చెప్తాను.